జనానా స్టూడియోలో కెమెరా వెనక నిలబడ్డ ఆవిడ గురించి ఎవరికైనా తెలుసా?

చార్మినార్_చందు
మొన్న ఆదివారం పాత హైదరాబాద్ ఫోటోల ఎగ్జిబిషన్ ఒకటి చూసొచ్చా. గోడలనిండా నిజాం దర్బారు ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ గారు తీసిన ఫోటోలే, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్, వేటలు, దర్బార్లు, ఫలక్‌నుమా గదులు, చూస్తుంటే కాళ్ళు కదల్లేదు, అందులో డౌటే లేదు. కానీ ఒక మూల బోర్డు మీద చిన్న అక్షరాల్లో ఒక్క లైను ఉంది, 1892లో పరదా ఆడవాళ్ళ కోసం జనానా స్టూడియో పెట్టారు, దాన్ని ఒక ఇంగ్లీషు మహిళ చూసుకునేది అని. అంతే, అక్కడితో సరి. ఒక ఇంగ్లీషు మహిళ ఏంటండీ, ఆవిడకి పేరు లేదా? దీన్‌దయాళ్ గారు సర్ధానాలో పుట్టారని, రూర్కీలో ఇంజనీరింగ్ చదివారని, ఇండోర్‌లో ఉద్యోగం చేశారని, 1894లో ముసవ్విర్ జంగ్ బిరుదొచ్చిందని, 1905లో పోయారని అన్నీ రాశారు, ఆవిడకేమో ఒక లైను. అక్కడ నిలబడ్డ కుర్రాణ్ణి అడిగితే బోర్డు మీద ఉన్నదే నాకు మళ్ళీ చదివి వినిపించాడు. ఇంటికొచ్చి రాత్రి రెండింటిదాకా వెతికితే మిసెస్ కెన్నీ-లెవిక్ అని దొరికింది. అది కూడా మొగుడి ఇంటిపేరే కదా. నేను చదివిన ప్రతిచోటా అంతే, మిసెస్‌తో మొదలై లెవిక్‌తో ఆగిపోతుంది. మన ఊళ్ళో 130 ఏళ్ళ కింద ఒక ఆడమనిషి కెమెరా పట్టుకుని ఆడవాళ్ళ ఫోటోలు తీసిందంటే అది చిన్న విషయమా? దీని గురించి తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

బెజవాడ_బుల్లోడు
అసలు హైదరాబాద్‌లో అలాంటి స్టూడియో ఉందనే నాకు తెలీదు అన్నా. ఆడవాళ్ళకి వేరే స్టూడియో అంటే తెర కట్టి తీసేవాళ్ళా?

గాజుపలక
తెర కాదు బుల్లోడూ, చుట్టూ ఎత్తైన గోడలు. అప్పటి ఫోటోగ్రఫీ పత్రికలో దీని గురించి రాశారు, బయట మగవాడి కన్ను పడకుండా గోడలు లేపారని, లోపల పనంతా ఆడవాళ్ళే చేసేవాళ్ళని. అలా ఎందుకో ఆలోచించు. ఆ కాలంలో పోర్ట్రెయిట్ అంటే కుర్చీలో కూర్చోగానే క్లిక్ అనడం కాదు. ఫోటోగ్రాఫర్ వచ్చి గడ్డం పట్టుకుని ఇటు తిప్పాలి, భుజం సరిచెయ్యాలి, తల కదలకుండా వెనక ఇనప స్టాండు ఆనించాలి, చీర కుచ్చిళ్ళు సర్దాలి. పరాయి మగవాడు మొహమే చూడకూడని ఇంట్లో గడ్డం ముట్టుకోవడం ఎక్కడి మాట? అందుకే పెద్ద పెద్ద ఇళ్ళలో మగవాళ్ళ ఫోటోలు వరసగా గోడకి వేలాడేవి, వాళ్ళ తల్లులవీ పెళ్ళాలవీ ఉండేవి కావు. దీన్‌దయాళ్ గారు ఆ సంగతి కనిపెట్టి ఆవిణ్ణి పెట్టారు. వ్యాపారం తెలిసిన మనిషి, 1896లో బొంబాయిలో కూడా స్టూడియో తెరిచారు.

లెక్కల_మాస్టారు
చందు గారి బాధ అర్థమైంది గానీ ఒక్క మాట. పెట్టుబడి దీన్‌దయాళ్‌ది, కెమెరాలు దీన్‌దయాళ్‌వి, పేరు దీన్‌దయాళ్‌ది, నిజాం దగ్గర పలుకుబడి దీన్‌దయాళ్‌ది. ఆవిడ అక్కడ పనిచేసిన మనిషి. హోటల్లో వంటమాస్టారి పేరు బోర్డు మీద రాస్తారా? ఓనరు పేరు రాస్తారు. ఇందులో ఆడ మగ అని తీసుకురావడం ఎందుకు?

ఓరుగల్లు_పిల్ల
మాస్టారూ, బోర్డు మీద వద్దు తీయున్రి, చరిత్ర రాసేటప్పుడన్న రాయాలె గద? ఆయన దగ్గర మగ అసిస్టెంట్లు చానామంది ఉండె, వాళ్ళు తీసినవి గూడ ఆయన పేరు మీదనే పోయినయ్, ఆ మాట నిజమే. కని వాళ్ళను తీసేసినా ఆ పని ఆయనే చేసుకుంటుండె. జనానా స్టూడియోల గట్ల కాదు. ఆ గోడ లోపలికి ఆయనే పోరాదు! ఓనరే అడుగుపెట్టని జాగల పనంతా ఎవరిది మరి?

బెజవాడ_బుల్లోడు
అక్క పాయింట్ కొట్టింది 👏

లెక్కల_మాస్టారు
ఓరుగల్లు గారూ, ఆ కోణంలో నేను ఆలోచించలేదు. ఓనరు లోపలికి పోలేడు అన్నది బలమైన మాటే, ఒప్పుకుంటున్నా. అయితే ఆవిడ తీసిందని చెప్పగలిగే ఫోటో ఒక్కటి ముందుంటే ఈ వాదనకి ఇంకా బలం.

పాతబస్తీ_పర్వీన్
ఆ ఫోటో అంత తొందరగా మీ ముందుకి రాదు మాస్టారూ, ఎందుకో మా ఇంటి సంగతి చెప్తా వినండి. మాది పాత సిటీ, ఐదారు తరాలుగా అక్కడే. మా దాదీ చెప్పేది, వాళ్ళ అత్తగారి పెట్టెలో అట్టకి అంటించిన ఫోటోలు నాలుగు ఉండేవంట, అన్నీ ఆడవాళ్ళవే, మల్‌మల్ గుడ్డలో చుట్టి అడుగున పెట్టేది, ఇంట్లో మగపిల్లలకి కూడా పదేళ్ళు దాటాక చూపించేది కాదంట. ఆమె పోయినప్పుడు ముందే చెప్పిపెట్టిన ప్రకారం వాటిని చించేశారు. తాను లేకుండా పోయాక తన మొహం పరాయివాళ్ళ చేతుల్లో తిరగకూడదని ఆమె కోరిక. దాదీకి ఒక్కటే గుర్తు, అందులో ఒకావిడ కుర్చీలో కూర్చుని చేతిలో పాన్‌దాన్ పట్టుకుని నవ్వుతుండేదంట, అప్పటి ఫోటోల్లో ఎవరూ నవ్వరు కదా, అందుకే దాదీ ఎనభై ఏళ్ళకి కూడా మర్చిపోలేదు. అవి ఏ స్టూడియోవో నాకు తెలీదు, ఆ జనానా స్టూడియోవే అని నేను అనట్లేదు. కానీ ఆ తరం ఆడవాళ్ళు ఫోటో దిగిందే అయినవాళ్ళు నలుగురు చూసుకోవడానికి. అలాంటి ఫోటో ఎగ్జిబిషన్ గోడ మీదికి ఎట్లా వస్తది?

చార్మినార్_చందు
పర్వీన్ గారూ ఇది చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు. నేను ఆవిడ పేరు ఎవరో కావాలని తొక్కేశారని కోపంగా ఉన్నా. మీరు చెప్పింది వింటే వేరేలా ఉంది. దీన్‌దయాళ్ గారి ఫోటో పదిమంది చూస్తేనే దానికి విలువ, నిజాం చూడాలి, వైస్రాయి చూడాలి, ఆల్బమ్‌లు కట్టి అమ్మాలి. ఆవిడ ఫోటోకి ఎవరూ చూడకపోతేనే విలువ. ఆ పని ఎంత బాగా చేస్తే అంత కనపడకుండా పోతుంది.

గాజుపలక
చందూ సరిగ్గా పట్టుకున్నావ్. 1989లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం వాళ్ళు దీన్‌దయాళ్ గారి గాజు నెగెటివ్‌లు 2,857 కొని భద్రం చేశారు. 2006లో ఆయన మీద తపాలా బిళ్ళ కూడా వచ్చింది. పేరు నిలవాలంటే ముందు పని నిలవాలి, పని నిలవాలంటే దాన్ని ఎవరో బీరువాలో దాచాలి.

సీమ_సుబ్బి
యాడికి పోయినా ఇదే కత. సరే గానీ ఒక మాట అడుగుతా కోప్పడొద్దండి. ఆమె తెల్లదొరసాని. దొరల కాలంలో దొరసానికి పని దొరకడం పెద్ద గొప్పేం కాదు. ఆమె పక్కన నీళ్ళు మోసినోళ్ళు, ఫోటో తీసే గాజు ప్లేట్లు కడిగినోళ్ళు, లోపలికొచ్చిన బేగాలకి మాట అర్థమయ్యేలా చెప్పినోళ్ళు మన ఆడోళ్ళే గదా. వాళ్ళకి మిసెస్ అని కూడా రాయలేదే. మీరు ఒక మెట్టు కాడ ఆగిపోయి బాధపడతాండారు, కింద ఇంకా నాలుగు మెట్లుండాయి.

ఓరుగల్లు_పిల్ల
సుబ్బక్కా నువ్వు చెప్పింది కరెక్టే. అందుకే మన దేశపు ఆడోళ్ళ గురించి గూడ మాట్లాడుకుందాం. కలకత్తల అన్నపూర్ణా దత్తా అని ఉండె, 1894ల పుట్టింది, 1976ల పోయింది. పన్నెండేండ్లకే పెండ్లి. సైను బోర్డు లేదు, స్టూడియో లేదు, ఇండ్లకు వోయి ఫోటోలు తీసేది, ఇంట్ల కూసొని తనే డెవలప్ చేసేది, తనే ప్రింట్ ఏసేది. డబ్బులు తీసుకొని చేసింది మల్ల, సరదాకు గాదు. పరదా ఉన్న ముస్లిం ఇండ్లల్ల ఆమెకు చానా పని దొరికేది. సేమ్ మన జనానా స్టూడియో లెక్కనే, కాకపోతే స్టూడియోనే ఇంటికొచ్చినట్టు.

పాతబస్తీ_పర్వీన్
అబ్బ, ఆ చివరి లైను! ఇంటికొచ్చే ఆవిడైతే చాయ్ తాగి, పిల్లల్ని ఎత్తుకుని, కష్టం సుఖం మాట్లాడి, ఆ తర్వాత కెమెరా తీస్తది. అప్పుడు మొహంలో బిగుసు ఉండదు.

గాజుపలక
కలకత్తాలో ఇంకా ముందే ఉంది. 1863లోనే మిసెస్ మేయర్ అని ఒకావిడ అక్కడ ఆడవాళ్ళకి మాత్రమే అని స్టూడియో నడిపింది. అంటే మన హైదరాబాద్ కంటే దాదాపు 30 ఏళ్ళు ముందు. ఆ తర్వాత 1890ల చివర్లో సరోజినీ ఘోష్ అనే బెంగాలీ ఆవిడ మహిళా ఆర్ట్ స్టూడియో అని పెట్టింది, పేపర్లో కూడా రాశారు. సుబ్బి గారు అడిగిన మెట్లలో అది ఒకటి.

బెజవాడ_బుల్లోడు
ప్రపంచంలో అసలు మొట్టమొదటి లేడీ ఫోటోగ్రాఫర్ ఎవరు మరి? నేను జూలియా మార్గరెట్ కామెరాన్ అనుకునేవాణ్ణి, ఆవిడ పుట్టింది కూడా కలకత్తాలోనే కదా.

గాజుపలక
కామెరాన్ 1815లో కలకత్తాలో పుట్టిన మాట నిజం, కానీ కెమెరా చేతికొచ్చేసరికి ఆవిడకి 48 ఏళ్ళు, 1863లో కూతురూ అల్లుడూ బహుమతిగా ఇచ్చారు. బొగ్గుల కొట్టుని డార్క్ రూమ్ చేసుకుంది, కోళ్ళ గూడుని స్టూడియో చేసుకుంది. గొప్ప ఫోటోగ్రాఫర్, మొహాన్ని అంత దగ్గర్నుంచి అలా చూసినవాళ్ళు అంతకుముందు లేరు. కానీ ఆవిడ మొదటామె కాదు, మరుగున పడిన మనిషీ కాదు. పెద్ద పెద్దవాళ్ళు స్నేహితులు, డార్విన్, టెన్నిసన్ లాంటివాళ్ళని కూర్చోబెట్టి తీసింది, తన ఫోటోలకి కాపీరైట్ రిజిస్టర్ చేయించుకుంది. పేరు ఎలా కాపాడుకోవాలో తెలిసిన మనిషి.

అంతకు 20 ఏళ్ళ ముందే పొట్ట కోసం కెమెరా పట్టినావిడ జర్మనీలో ఉంది, బెర్తా బెక్‌మన్. ఆవిడా 1815లోనే పుట్టింది, కాట్‌బుస్ అనే ఊళ్ళో. 1843 నుంచి లైప్‌జిగ్‌లో పోర్ట్రెయిట్లు తీసింది. మొగుడు ఎడువార్డ్ వేనర్ట్ కూడా ఫోటోగ్రాఫరే, 1847లో పోయాడు. ఇంకొకరైతే దుకాణం అమ్ముకుని పుట్టింటికి పోయేవాళ్ళేమో, ఈవిడ స్టూడియో తనే నడిపింది, 1849లో ఓడెక్కి న్యూయార్క్ వెళ్ళి బ్రాడ్‌వేలో స్టూడియో పెట్టింది, 1851లో వెనక్కొచ్చి లైప్‌జిగ్‌లో మళ్ళీ మొదలెట్టింది, 1883 దాకా ఆ పనిలోనే ఉంది, 1901లో పోయింది. ఈవిడ ఫోటోలు ఆ ఊరి మ్యూజియంలో వేలల్లో ఉన్నాయి. అయినా పుస్తకాల్లో కామెరాన్‌కి పేజీలు, ఈవిడకి పేరా. అద్దె కట్టడానికి రోజుకి పదిమంది మొహాలు తీసినవాళ్ళని కళాకారుల కింద లెక్కెయ్యరు కదా.

చార్మినార్_చందు
వేనర్ట్-బెక్‌మన్ అనే కదా ఆవిడ రాసుకుంది? నిన్న చదివా. మొగుడి పేరు పక్కన పుట్టింటి పేరు వదలకుండా పెట్టుకుంది, అందుకే ఈరోజు మనకి బెర్తా అని తెలుసు. మన మిసెస్ గారికి ఆ అవకాశం రాలేదు.

ఊరికే_చూస్తున్నా
ఐదేళ్ళుగా ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. ఈ థ్రెడ్ చదివి మా నానమ్మ ఫోటో కిందికి దించి వెనక్కి తిప్పి చూశా. ఫ్రేమ్ కట్టినవాడి చీటీ ఉంది, తీసినవాళ్ళది లేదు. అంతే చెప్పాలనిపించింది.

లెక్కల_మాస్టారు
గాజుపలక గారూ, సాంకేతికంగా ఒక సందేహం. 1892 నాటికి ఎక్స్‌పోజర్‌కి ఎంతసేపు పట్టేది? నిమిషాలకొద్దీ కదలకుండా కూర్చోబెట్టేవాళ్ళని విన్నాను. అలాగైతే పర్వీన్ గారి దాదీ చెప్పిన నవ్వు ఎలా సాధ్యం?

గాజుపలక
నిమిషాలు అనేది 1840ల మొదట్లో మాట మాస్టారూ. 1880ల నుంచి జెలటిన్ డ్రై ప్లేట్లు, అంటే మందు ముందే పూసి ఆరబెట్టిన గాజు పలకలు వచ్చేశాయి, వెలుతురు బాగుంటే ఒకటి రెండు సెకన్లు చాలు. నవ్వు నిలుస్తుంది, తీసే మనిషి నవ్వించగలిగితే. కష్టం అక్కడ కాదు, రంగుల దగ్గర. ఆనాటి మామూలు ప్లేటుకి నీలం మాత్రమే బాగా కనపడుతుంది, ఎరుపు కనపడదు, పసుపు సరిగ్గా కనపడదు. అందుకే ఎర్ర లైటు కింద ప్లేటు తీసినా పాడవదు. ఇప్పుడు మన ఆడవాళ్ళని ఆ కెమెరా ముందు కూర్చోబెట్టండి. ఎర్రచీర బొగ్గులా వస్తుంది, కుంకుమ నల్లచుక్క అవుతుంది, పాన్ నమిలిన పెదాలు మసి పూసినట్టు వస్తాయి, ఒంటినిండా బంగారం పెట్టుకున్నా మెరుపు తగ్గిపోతుంది, ఎంతో ఖరీదు పెట్టి కొన్న లేత నీలం దుపట్టా తెల్లగుడ్డలా కనిపిస్తుంది. ఇవన్నీ ముందే కంటితో చూసి, ఏ చీర కట్టుకోవాలి, ఏ నగ ఎటు తిప్పాలి, ముక్కుపుడక మీద వెలుతురు పడాలంటే మొహం ఎంత వాలాలి అని చెప్పి ఒప్పించాలి. ఇంగ్లండ్ నుంచి వచ్చిన మనిషి ఇదంతా మన ఆడవాళ్ళ దగ్గరే నేర్చుకుని ఉండాలి. సుబ్బి గారు చెప్పిన ఆ పేరులేని ఆడవాళ్ళే నేర్పించి ఉంటారని నా నమ్మకం.

నల్లగుడ్డ_నాగేశు
లేటుగా చూశాను ఈ థ్రెడ్. నేను స్టూడియో ఇంట్లో పుట్టినవాణ్ణి. మా నాన్నది గోదావరి జిల్లాలో చిన్న టౌన్లో ప్లేటు కెమెరా స్టూడియో. బోర్డు మీద నాన్న పేరు, పక్కన ఆర్టిస్ట్ అండ్ ఫోటోగ్రాఫర్ అని ఎర్ర పెయింటుతో. ఊరంతా మా నాన్న చెయ్యి గొప్పదనేవాళ్ళు, పెళ్ళిచూపులకి ఫోటో అంటే మా దగ్గరికే వచ్చేవాళ్ళు.

రీటచింగ్ చేసింది మా అమ్మ.

ఇది తెలీనివాళ్ళకి చెప్తాను. వాలుగా ఉండే చిన్న చెక్కపెట్టె, మధ్యలో కిటికీలా కన్నం, దాని మీద నెగెటివ్, కింద అద్దం ముక్క పెట్టి కిటికీ వెలుతురు దాని మీంచి పైకి వచ్చేలా. ముందు దూదితో మీడియం అని ఒక జిడ్డు మందు సన్నగా రాస్తారు, లేకపోతే పెన్సిల్ జారిపోతుంది. పెన్సిల్ ముల్లు గరుకు కాయితం మీద తిప్పి తిప్పి సూదిలా చేస్తారు, వేలెడు పొడుగు. నెగెటివ్‌లో నలుపు తెలుపు తారుమారు కాబట్టి ప్రింట్‌లో నల్లగా వచ్చే మచ్చ ఇక్కడ తెల్ల చుక్క. ఆ చుక్కని పెన్సిల్‌తో చుట్టూ ఉన్న చర్మం అంత నలుపుకి తీసుకురావాలి, కామాలు కామాలుగా, చిన్న చిన్న సున్నాలుగా. ఒక గీత ఎక్కువైతే ప్రింట్‌లో తెల్ల బొల్లి మచ్చ. స్ఫోటకం మచ్చలున్న పెళ్ళికూతురు మొహానికి అమ్మకి మూడు మధ్యాహ్నాలు పట్టేది. అన్నం వండి, మమ్మల్ని బడికి పంపి, పదకొండింటి నుంచి వెలుతురు ఉన్నంతసేపు ఆ పెట్టె ముందే. అమ్మ చెయ్యి కదలకూడదని మేం ఆ గదిలో పరిగెత్తేవాళ్ళం కాదు. మచ్చలు పూర్తిగా తీసేసేది కాదు, తగ్గించేది అంతే. మొత్తం తీసేస్తే పెళ్ళిచూపుల్లో పిల్లని చూసి వాళ్ళు వెనక్కి పోతారు, పిల్ల పరువు పోతుంది అనేది.

నాన్నకి అరవై దాటాక చెయ్యి వణికింది. ఆఖరి ఎనిమిదేళ్ళు కెమెరా కూడా అమ్మే సెట్ చేసింది, నల్లగుడ్డలో తల పెట్టి ఫోకస్ చూసేది, నాన్న పక్కన నిలబడి రెడీ అని కేకేసేవాడు. ఫోటో అమ్మ తీసేది, కస్టమర్లు నాన్నకి దణ్ణం పెట్టి వెళ్ళేవాళ్ళు.

సీమ_సుబ్బి
నాగేశన్నా కండ్లలో నీళ్ళు తెప్పించినావు. మచ్చలు పూర్తిగా తీసేది కాదన్న మాట దగ్గర ఆగిపోయినా. అమ్మ ఉండారా ఇప్పుడు?

నల్లగుడ్డ_నాగేశు
ఉంది సుబ్బమ్మా, 84 ఏళ్ళు. కంటికి ఆపరేషన్ అయ్యింది, ఇప్పుడు బాగానే కనిపిస్తోంది.

బెజవాడ_బుల్లోడు
గురూ మీ హ్యాండిల్ వెనక కథ ఇన్నాళ్ళకి తెలిసింది. ఆ నల్లగుడ్డ నాన్నగారిది అనుకున్నా, అమ్మదన్నమాట.

ఓరుగల్లు_పిల్ల
మాస్టారు ఇందాక సాక్ష్యం అడిగిండు గద. ఇగో సాక్ష్యం. ఆ ఊర్ల పెండ్లయినోళ్ళ ఇండ్లల్ల గోడల మీద ఉన్నయ్ సాక్ష్యాలు.

లెక్కల_మాస్టారు
ఓరుగల్లు గారూ, ఒప్పుకున్నాను. నా వంటమాస్టారి పోలిక వెనక్కి తీసుకుంటున్నా. మా ఇంట్లో మా అమ్మ పెళ్ళినాటి ఫోటో ఉంది, ఆవిడకీ చిన్నప్పుడు అమ్మవారు పోసింది, ఫోటోలో మచ్చలు లీలగా కనిపిస్తాయి. నలభై ఏళ్ళుగా చూస్తున్నాను, అక్కడ ఒకరి చెయ్యి పడిందని ఇవాళే తట్టింది.

గాజుపలక
నాగేశు గారూ ఒకటి అడుగుతాను, ఆ పాత నెగెటివ్‌లు ఏమయ్యాయి? గాజువి ఉన్నాయా?

నల్లగుడ్డ_నాగేశు
స్టూడియో మూసేశాక చాలా పోయాయి. గాజు ప్లేట్లు కొన్ని మా బంధువులు కడిగి ఫోటో ఫ్రేములకి అద్దాలుగా వాడుకున్నారు, అప్పట్లో అందరూ చేసేవాళ్ళు, మాకూ తెలీలేదు. అటక మీద మూడు చెక్కపెట్టెలు ఉండాలి, అందులో గాజువీ, గాజు బదులు వాడే కట్ ఫిల్మూ కలిసి ఉంటాయి. దించి పదేళ్ళయింది.

చార్మినార్_చందు
కడిగి అద్దాలుగా వాడుకున్నారా 😢 ఆ అద్దం వెనక ఇప్పుడు ఏ దేవుడి పటమో ఉండి ఉంటుంది, ముందు ఎవరి మొహం ఉండేదో.

గాజుపలక
నాగేశు గారూ, దించేటప్పుడు దయచేసి జాగ్రత్త. పెట్టె అడుగు పట్టుకుని దించండి, చెదలు తిని ఉంటే ఊడిపోతుంది. ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టొద్దు, కింది వాటి మీద బరువు పడి పగులుతాయి, పుస్తకాలు బీరువాలో పెట్టినట్టు పొడుగువైపు అంచు మీద నిలబెట్టి పెట్టండి. చేత్తో అంచులు మాత్రమే పట్టుకోండి. ఒక వైపు మెరుపు, ఒక వైపు మసగ్గా ఉంటుంది, ఆ మసకవైపే బొమ్మ ఉంటుంది, అటు తడిగుడ్డ అస్సలు తగలనివ్వొద్దు, అమ్మగారి పెన్సిల్ కూడా అటువైపే ఉంటుంది, రాస్తే పోతుంది. దుమ్ము మెత్తటి బ్రష్‌తో దులపండి చాలు. అంటుకుపోయినవి ఉంటే లాగొద్దు, అలాగే వదిలెయ్యండి. ఒక్కోదానికి ఒక్కో మామూలు తెల్ల కాయితం కవరు, పైన పెన్సిల్‌తో నంబరు.

పాతబస్తీ_పర్వీన్
నంబరుతో పాటు పేర్లు కూడా రాయండి అన్నా. అమ్మ ఉన్నప్పుడే రాయండి. మా దాదీని నేను అడగలేదు, పాన్‌దాన్ పట్టుకుని నవ్విన ఆవిడ పేరేంటి అని. అడిగుంటే చెప్పేది.

సీమ_సుబ్బి
ఫోటోలో ఉండేటోళ్ళ పేరూ రాయండి, తీసిన అమ్మ పేరూ రాయండి.

చార్మినార్_చందు
నేను ఆ ఎగ్జిబిషన్ వాళ్ళకి మెయిల్ పెట్టా, బోర్డు మీద ఆవిడ పేరు, కనీసం మిసెస్ కెన్నీ-లెవిక్ అనైనా రాయమని. మర్యాదగానే రాశా. జవాబు వస్తే ఇక్కడే పెడతా.

నల్లగుడ్డ_నాగేశు
ఇవాళ పొద్దున మా తమ్ముడి కొడుకుని పిలిచి పెట్టెలు దించాం. గాజుపలక గారు చెప్పినట్టే ఒకదాని అడుగు చెదలు తినేసింది, చాప పరిచి చేత్తో పట్టుకుని దించాం, రెండు ప్లేట్లు మూలల దగ్గర విరిగాయి, మిగతావి బాగున్నాయి. అమ్మని కిటికీ దగ్గర కూర్చోబెట్టి ఒక్కొక్కటి చేతికిచ్చాను. నేను ఫోన్లో తెలుపు నలుపు తిరగేసి చూపిద్దామనుకున్నా, అక్కర్లేదంది. వెలుతురుకి ఎత్తి పట్టుకుని నెగెటివ్‌లోనే మొహాలు చదివేస్తోంది, తెల్ల జుట్టు, నల్ల మొహం, మేం ఒక్కరినీ పోల్చుకోలేం, అమ్మ మాత్రం ఇది కరణం గారి రెండో కోడలు, ఇది చేనేత వాళ్ళ అమ్మాయి, దీనికి ఎడమకన్ను కింద గాటు ఉండేది, పెళ్ళికొడుకు వాళ్ళు ఒప్పుకున్నాక మళ్ళీ వచ్చి నిమ్మకాయ పచ్చడి ఇచ్చి వెళ్ళింది అని చెప్పుకుపోతోంది. ఒక ప్లేటు దగ్గర ఆగి ముక్కు పక్కన వేలు పెట్టి చూపించింది, ఇక్కడ నాకు చెయ్యి జారిందిరా, మీ నాన్న చూడలేదు అంది, ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ చుక్క గుర్తుంది. మధ్యాహ్నం దాకా 41 ప్లేట్లు చూసింది, 33 మందికి పేర్లు చెప్పింది. కవర్ల మీద నేను రాస్తున్నాను, తీసినది ఎవరు అన్న చోట ఏం రాయమంటావ్ అని అడిగితే కొంచెంసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత కొన్నిటికి నాన్న పేరు రాయమంది, కొన్నిటికి నాది రాయి అంది.

నాలుగయ్యేసరికి వెలుతురు తగ్గింది, కళ్ళు లాగుతున్నాయంది. ఇంకా రెండు పెట్టెలున్నాయి. రేపు పదకొండింటికి మళ్ళీ కూర్చుంటాం.